రెండు వేళ్ల వెడల్పు

సిరోంచ డాక్‌బంగ్లా హాల్లోంచి
ఫారెస్ట్ గార్డు తలాండి బిచ్చు
చద్దర్ల చుట్టి, టీవీఎస్ మీద అడ్డం పెట్టుకొని
నా దుకాణానికి తెచ్చిండు, పులిని.

"గోడ చెమ్మ పట్టింది. అద్దం పగిలింది.
సోమవారం గడ్చిరోలి నుంచి పెద్ద సాహెబ్ వస్తుండు.
ఫ్రేము కొత్తది కట్టు. సైజు మాత్రం ఉన్నదుంచు."
బేరం తెలుగుల ఆడిండు,
రసీదు మరాఠీల రాయించుకున్నడు,
ఫోన్ల పెండ్లాంతోని మాడియాల నవ్వుకుంట పోయిండు.

వెనక చెక్కకు ఆరు మేకులు.
ఐదు వచ్చినయి.
ఆరోది తలకాయ నా చేతికిచ్చి
ఒళ్లు చెక్కలనే దాచుకున్నది.

ఈ బొమ్మ నాకు కొత్త కాదు.
నాయన వెంట పోయి బంగ్లా అద్దాలు తుడిచిన దినాల నుంచి
పులి దుప్పి గొంతు పట్టుకొనే ఉన్నది.
పట్టి నూట ముప్పై ఏండ్లు, ఇంకా కొరకలేదు.
దుప్పి కూలుతనే ఉన్నది, కూలలేదు,
అంగట్ల ముసలి ఎద్దు మోకాలు మడిచినట్టు
ముందరికాలు ఒకటి మడిచి.

ఎవడో దొర రాతి మీద గీసి కాయితానికి ఒత్తిండు.
రంగులు తర్వాత చేత్తోని అద్దిన్రు.
పులికి మీసాల కాడ మనిషి పోలిక.
చంపుకుంట చంపుకుంట ఇంత తీరిగ్గ మనదిక్కు చూసే పులి
ప్రాణహితకు ఇవతల లేదు, అవతల లేదు.
గడ్డి కూడ మన గడ్డి కాదు,
తల దువ్విన గడ్డి.

దుప్పికి కన్ను లేదు.
పులి తినలేనిదాన్ని
బియ్యపుగింజంత పురుగు కంటి నుంచి మొదలుపెట్టింది.

"ఫ్రేము కట్టేటోని చూపు అంచు మీదుండాలె,
బొమ్మల పడ్డవంటే వేలు తెగుతది"
అంటుండె నాయన.
ఆయనకు ఎడమచేతి చిటికెన వేలు సగమే.

తడిగుడ్డ అద్ది, బ్లేడు జొప్పించి
పాత మౌంట్ అట్ట మెల్లగ లేపిన.
ఎడమ పక్క రెండు వేళ్ల వెడల్పు
ఎండ తగలని కాయితం.
ఆడ ఆకుపచ్చ ఇంకా తడిగున్నదేమో అనిపించి
వేలు పెట్టబోయి ఆపుకున్న.

చెట్టు పంగల ఒక మనిషి.
గోచి. నెత్తికి ఎర్రగుడ్డ. మోకాళ్ల నడుమ డప్పు.
పుల్ల ఎత్తిండు, కొట్టలేదు.

లెక్కపెట్టిన.
పులికి కనపడే పక్కనే నూట పదకొండు చారలు.
ఈయన ముఖానికి మూడు గీతలు.

మూడు గీతలకే చూపు ఎట్ల వచ్చిందో గని
ఆ చూపు పులి మీద లేదు, దుప్పి మీద లేదు.
బొమ్మ బయటికి ఉన్నది.
ఎవడు కనుసైగ చేస్తే పుల్ల దించాల్నో
వాని కోసం చూస్తున్నడు.
వాడు నిలబడ్డ జాగలనే నేను నిలబడ్డ
చేతిల కట్టరు పట్టుకొని.

పొద్దుగూకినంక బిచ్చు వచ్చిండు.
చూపెట్టిన. అట్ట వెడల్పుగ కోస్తే
ఈయన కూడ కనపడుతడని చెప్పిన,
మంచిపని చేస్తున్నోని లెక్క.

బిచ్చు టోపీ తీసిండు, మల్ల పెట్టుకున్నడు.
"మా తాత హాకాల డప్పు కొట్టేటోడు.
దినమంత కొడితే దోసెడు ఉప్పు ఇచ్చేటోళ్లట."
కొంచెంసేపు అద్దం ముక్కలను చెప్పుతోని జరిపిండు.
"కప్పెయ్.
ఇన్నేండ్లకు నీడల కూసున్నడు.
సోమవారం సాహెబ్ వస్తుండంటే
మల్ల ఆయన్ని లేపి పనికి పెడతవా?"

నా దగ్గర జవాబు లేదు.
పాత సైజుకే కోసిన, వెంట్రుకవాసి తేడా లేకుంట.
మూడు పక్కల మైదా జిగురు రాసిన.
ఎడమ పక్క రాయలేదు.
అడిగితే గాలి ఆడాలె అని చెబుదామనుకున్న.
ఆయన అడగలేదు.

ఆరు వందల నలభై.
నలభై తగ్గించుమన్నడు, తగ్గించిన.

టేకు డిపో మలుపుల బండి గుంతల పడ్డది.
ఒక్కటే దెబ్బ వినపడ్డది నాకు.
చెక్కదే కావచ్చు.